వరుసలో చేయి, సలాములో చేయి

 

విజయవాడ వన్‌టౌన్‌లోని పంజా సెంటరు మనందరికీ తెలిసిన చోటు. పంజా అంటే అయిదు వేళ్లు విప్పిన చేయి. ఆ చుట్టుపక్కల ఏ మసీదులో జుమా వరుసలో నిలబడినా చేతులన్నీ ఒకే తీరున కనిపించవు. ఒకరు నాభి కింద కట్టుకుంటారు, పక్కనున్నవారు రొమ్ముపై. ఒకరు రుకూకు వంగే ముందు చేతులు ఎత్తుతారు, మరొకరు ఎత్తరు. ఈ తేడా చూసి ముఖం చిట్లించేవారు ఉన్నారు. సలాం తిప్పగానే పక్కవాని నమాజుకు తప్పులెన్నేవారూ ఉన్నారు. అందుకే నేడు ఆ చేతుల చరిత్రను కొంత తెలుసుకుందాం.

నమాజులో కుడిచేతిని ఎడమ ముంజేతిపై ఉంచాలని ప్రజలకు ఆదేశం ఉండేదని హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) తెలిపారు. ఈ హదీసు ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లోనూ, సహీహ్ బుఖారీలోనూ ఉంది. చేతులు ఎత్తడం విషయానికి వస్తే, మదీనాలో నివసించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) రుకూకు ముందూ తర్వాతా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేతులు ఎత్తేవారని ఉల్లేఖించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ప్రవక్త నమాజును చేసి చూపుతూ మొదట ఒక్కసారే ఎత్తారు. ఆయన కూఫాలో బోధించారు. ఆ కూఫా విద్యాపరంపరలోనే ఇమామ్ అబూ హనీఫా ఎదిగారు. ‘మువత్తా’లో చేయి కట్టే హదీసు ఉన్నప్పటికీ, శిష్యుడు ఇబ్నుల్ ఖాసిం చెప్పిన అభిప్రాయాన్ని బట్టి మాలికీలలో చాలామంది ఫర్జ్ నమాజులో చేతులు జారవిడిచే నిలబడతారు. అంటే ఈ భేదాలు నిన్న మొన్న ఎవరో మన వీధిలో పుట్టించినవి కావు, సహాబాల కాలం నుండి నడచి వచ్చినవి.

మన కృష్ణా తీరానికి ఇవి ఓడలపైనా, సైన్యాలతోనూ చేరాయి. 1518 నుండి 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు. వారి ప్రధాన రేవు మచిలీపట్నం. అక్కడ ఇరాన్ వర్తకులు స్థిరపడ్డారు. ఎర్రసముద్రం రేవులకు అక్కడి నుండి ఓడలు వెళ్లేవి, హజ్ యాత్రికులూ వాటిలో ప్రయాణించేవారు. చేతులు జారవిడిచి నమాజు చేసే ఇరానీయులు, చేతులు కట్టే సున్నీలు ఆ రేవులో ఒకే బజారులో బేరాలాడుకున్నారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించగా ఈ ప్రాంతం హనఫీలైన మొఘలుల చేతికి వచ్చింది. కోస్తా వెంట దక్షిణాన తమిళ మరక్కాయర్లు షాఫయీలు, వారు రుకూ వద్ద చేతులు ఎత్తుతారు. 19వ శతాబ్దంలో అహ్లె హదీస్ ఉద్యమం బలపడ్డాక ఉత్తర భారత మసీదుల్లో చేతులు ఎత్తడంపైనా, బిగ్గరగా ఆమీన్ అనడంపైనా తగాదాలు చెలరేగాయి. ఆమీన్ వ్యవహారం 1885లో అలహాబాద్ హైకోర్టుకే చేరింది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కుమారుడు జస్టిస్ సయ్యద్ మహమూద్ అరబ్బీ గ్రంథాలను పరిశీలించి, అది నేరం కాదని వ్రాశారు. అల్లాహ్ గృహంలో పలికిన ఆమీన్ గురించి ఆంగ్లేయుల న్యాయస్థానం తీర్పు చెప్పవలసి వచ్చిందంటే, ఆనాటి మనవారి స్థితి ఎంత దయనీయమో ఊహించండి!

చేయి కట్టే చోటు కారణంగా నమాజు చెల్లదని నాలుగు మజ్‌హబ్‌లలో ఏదీ అనలేదు. కాని చేతుల విషయంలో ప్రవక్త (స) స్వయంగా వారించిన సంగతి ఒకటుంది. సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ బిన్ సముర (రజి) దానిని తెలిపారు. సహాబాలు నమాజు ముగింపులో సలాం చెబుతూ కుడి ఎడమలకు చేతులతో సైగ చేసేవారు. కుదురులేని గుర్రాలు తోకలాడించినట్లు ఈ చేతులేమిటని ప్రవక్త (స) అడిగారు. చేయి తొడపై ఉంచి, కుడి ఎడమలనున్న సోదరునికి సలాం చెబితే చాలునన్నారు. మాటిమాటికీ గడియారం సవరించుకోవడం, జేబులోని ఫోను తడుముకోవడం మనకు అలవాటైపోయాయి. పక్కవాని చేయి రొమ్ముపై ఉందా, నాభి కింద ఉందా అని ఓరచూపు చూసేవారు ముందుగా తమ చేతుల కుదురు చూసుకోవాలని మా మనవి.

ఇక ముసాఫహా. కరచాలనాన్ని మొదట తెచ్చినవారు యెమెన్ ప్రజలని హజ్రత్ అనస్ (రజి) ద్వారా అబూ దావూద్‌లో ఉంది. ఇద్దరు ముస్లింలు కలిసి చేతులు కలిపితే, విడిపోకముందే వారికి క్షమాపణ లభిస్తుందనీ అందులోనే ఉంది. ఒక చేత్తోనా, రెండు చేతులతోనా అన్న వాదం ఇక్కడా ఉంది. ప్రవక్త (స) తనకు అత్తహియ్యాత్ నేర్పినప్పుడు తన అరచేయి ఆయన రెండు అరచేతుల మధ్య ఉండెనని ఇబ్ను మస్ఊద్ (రజి) చెప్పారు. ఇమామ్ బుఖారీ దీనిని ముసాఫహా ప్రకరణంలో చేర్చారు. రెండు చేతులు చాచే మన పెద్దలు దీనినే ఆధారంగా చూపుతారు. నమాజులో మనం చదివే ఆ మాటలు ఒక శిష్యునికి చేతిలో చేయి ఉంచి నేర్పినవన్నమాట!

దక్కను దర్బారుల నుండి వచ్చిన, నుదుటికి చేయి తాకించే ఆదాబు ఇప్పుడు అరుదైంది. దూరాన ఉన్నవారికి చేయి ఎత్తవచ్చునా? మసీదులో కూర్చున్న స్త్రీలకు ప్రవక్త (స) చేతితో సైగ చేస్తూ సలాం చెప్పారని హజ్రత్ అస్మా బిన్త్ యజీద్ (రజి) తెలిపారు. సైగతో పాటు నోటి మాటా ఉన్నదని ఇమామ్ నవవీ వివరించారు. బెంజి సర్కిల్ రద్దీలో మోటారు సైకిలుపై నుండి చేయి ఊపి సాగిపోయే యువకులారా, అవతలివారికి వినబడినా వినబడకపోయినా ఆ సలామును నోటితో కూడా పలకండి.