చలనచిత్రమునుండి ధ్వనిని వేరుచేయుట

తిరుపతి జిల్లాలో, తమిళనాడు సరిహద్దున, తడకు సమీపమున శ్రీ సిటీ అను పారిశ్రామిక నగరము కలదు. 2015 లో అచ్చటి ఫాక్స్‌కాన్ కర్మాగారమునుండి షియోమీ వారి రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోనులు వెలువడినవి. జేబులో ఇమిడెడి అట్టి యంత్రముననే నేడు పాత తెలుగు చిత్రములను చూడగలుగుచున్నాము. చూచిన పిమ్మట బొమ్మను విడిచి పాటను మాత్రము దాచుకొనవలెనని కొందరికి తోచును. అట్లు తీయునపుడు ధ్వనికి నష్టము కలుగదా? ఈ ప్రశ్నకు సమాధానము ధ్వని ముద్రణ చరిత్రలోనే దొరకును.

చిత్తూరు ఊరిపేరు తన పేరులో చేరిన నాగయ్యగారు 1946 లో 'త్యాగయ్య' చిత్రమునకు దర్శకత్వము వహించి, తామే త్యాగరాజుగా నటించిరి. ఆ కాలమున ధ్వని ఫిల్ము అంచున, బొమ్మల ప్రక్కన, సన్నని చారగా ముద్రితమగుచుండెను. ఆ చారగుండ సాగిన కాంతి విద్యుత్తుగా మారి, తిరిగి ధ్వనిగా వినిపించెడిది. ఫిల్ము ఒక్కటే యైనను బొమ్మ చోటు వేరు, ధ్వని చోటు వేరు. నేటి వీడియో ఫైలునందును అంతియే. ఎం.పి.4 అనునది ఒక పెద్ద సంచి. అందు బొమ్మల మూట ఒకటి, ధ్వని మూట మరియొకటి.

1982 లో అమ్మకమునకు వచ్చిన కాంపాక్ట్ డిస్కులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాసిరి. కుడి యెడమ ప్రక్కలకు కలిపి సెకనుకు 14,11,200 బిట్లు కావలెను. వీడియోలలో తరచుగా కనబడు 1,28,000 బిట్ల ధ్వని ఇందులో 11 వ వంతు మాత్రమే. మిగిలిన దేమైనది?

1974 లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు అను మువ్వురు 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారం' అను గణిత పద్ధతిని ప్రకటించిరి. రావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని టెక్సాస్‌లో ఆచార్యులైరి. అహ్మద్ 1972 లో ఈ పరిశోధనకు ధనసహాయము కోరగా అచ్చటి జాతీయ సైన్సు సంస్థ నిరాకరించినది! ఈ పద్ధతి సంకేతమును వేర్వేరు పౌనఃపున్యములుగా విడదీయును. 1987 లో దీనికి వచ్చిన మార్పురూపమే ఎం.పి.3, ఏ.ఏ.సి. పద్ధతులకు ఆధారము.

విడదీయుటవలన నష్టము లేదు, మరల కలుపవచ్చును. నష్టము తరువాతి మెట్టులో నున్నది. బిగ్గరగా మ్రోగు నాదస్వరము చెంత, అదే స్థాయికి దగ్గరగా నున్న మెల్లని ధ్వని మన చెవికి అందదు. ఈ లక్షణమును ధ్వని సంకేతీకరణమున ఎట్లు వాడుకొనవచ్చునో 1979 లో ష్రోడర్, హాల్ అనువారితో కలిసి భారతీయుడైన బిష్ణు అటల్ చూపెను. అందని భాగములను ముతకగా వ్రాయుట, లేదా విడిచిపెట్టుటవలననే ఫైలు చిన్నదగును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. వడ్లు దంచి ఊక తీసిన బియ్యమును ఎంత పెద్ద బస్తాలో పోసినను మరల వడ్లు కావు. వీడియోలోని ధ్వనిని 'వేవ్' ఫైలుగా మార్చుట ఇట్టిదే: బస్తా పెరుగును, గింజ మారదు. దానినే ఎం.పి.3 గా మార్చినచో బియ్యమును రెండవసారి దంచినట్లే, నూకలు మిగులును. ధ్వని మూటను విప్పకుండ, ఉన్నదున్నట్లు వేరొక సంచిలోనికి మార్చుటయే సరియైన మార్గము. 2000 లో ఫాబ్రిస్ బెల్లార్ ప్రారంభించిన ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ వంటి ఉచిత సాధనములు ఈ పని చేయును. ఒక్క బిట్టును మారదు. కాని పోయినది తిరిగి రాదు.

కావున జాగ్రత్త మొదటనే అవసరము. ఊరిలోని హరికథనో, వృద్ధుల పలుకుబడినో విద్యార్థులచే రికార్డు చేయించు ఉపాధ్యాయులు వేవ్ రూపమున గాని, 2001 లో వచ్చిన ఫ్లాక్ రూపమున గాని మూలప్రతిని దాచవలెను. ఫ్లాక్ చీరను మడచినట్లు ధ్వనిని మడచును. విప్పిన నూలుపోగైనను తగ్గదు. పంచుకొనుటకు చిన్న ప్రతులను ఎన్నియైనను చేయవచ్చును. విత్తనపు వడ్లను మాత్రము దంచరాదు.