కొలిమి, కర్రు, కళ్ళపు మేర

ధర్మవరమునుండి కదిరికి పోవు త్రోవలో, ముదిగుబ్బ చుట్టును పఱచుకొనియున్న ఎఱ్ఱగరప నేలలు లోతులేనివి, నీటిని నిలుపుకొనలేనివి. సగటు వర్షపాతము ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండు ఈ పీఠభూమియందు ఒక గట్టివాన కురిసినను విత్తుటకు తగిన పదును రెండు మూడు దినములకన్న నిలువదు. కర్రు మొద్దువాఱిన మడకయు, పండ్లు వదులైన గొఱ్ఱును గల రైతు, కొట్టమున ఎద్దులుండియు, గాదెలో విత్తనముండియు, ఆ రెండు దినములు కొలిమి వాకిట కూర్చుండెనేని, మఱల మేఘము కరుణించువఱకు వాని చేను బీడే. డెల్టా రైతు ఒక వారము జాగుచేసినను కాలువ నీరు వానికై కాచియుండును. ఇచ్చటి పదునుకు అంతటి ఓపిక లేదు.

ఈ నేలయు చేరియున్న, 1800లో నిజాము ఆంగ్లేయులకు వదలుకొనిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా 1807 వఱకు పనిచేసిన థామస్ మన్రో, 1806 నాటి తన నివేదికలో, గ్రామసేవకులైన పన్నిద్దఱు ఆయగాండ్రతో కూడిన ప్రతి గ్రామమును ఒక చిన్న గణరాజ్యముతో పోల్చెను. ఆ పన్నిద్దఱిలో కమ్మరియు వడ్రంగియు ఉండిరి. వీరికి కొంత ఇనాము భూమియు, నూర్పిడి వేళ ప్రతి రైతు కళ్ళములోను కొలిచియిచ్చు ధాన్యపు మేరయు జీవనాధారము. ఇనుము, బొగ్గు రైతువి, పనితనము కమ్మరిది. కర్రు ఎన్నిమార్లు కాల్చినను ప్రత్యేకముగా కూలి అడుగు ఆచారము లేకుండెను. ఇట్టి యేర్పాటు దక్కను నేలయందంతటను ఉండినదే. అయినను కఱవుసీమలో దానికి వేఱొక ప్రయోజనము ఉండెనని నా తలంపు. రైతు కళ్ళములో కొలిచినది పనికి వెల కాదు, వాన పడిన రాత్రి కమ్మరి ఊరనే ఉండునను భరోసాకు వెల. విజయనగర ప్రభువుల తామ్రశాసనములను చెక్కిన వీరణాచార్యుని పేరు శాసనముల చివర నేటికిని చదువుకొనవచ్చును; అదే విశ్వకర్మకులమున పుట్టి, ఆ శాసనములు దానమిచ్చిన పొలములను దున్నిన కర్రులను సాగగొట్టినవాని పేరు మాత్రము ఏ రేకుపైనను ఎక్కలేదు.

ఆ కొలిమిపనిని కొంచెము దగ్గఱగా చూడవలయును. తిత్తి ఊదుచుండ తుమ్మబొగ్గు నిప్పులలో కర్రు ఎఱ్ఱబాఱినంతనే కమ్మరి దానిని పట్టకారుతో దాగలిపై నిలుపును; ఎదుట నిలిచిన రైతే సమ్మెట ఎత్తికొట్టును; కమ్మరి చేతి సుత్తి దెబ్బ పడవలసిన తావును సూచించుచుండును. గరపరాళ్ళకు ఒరసి కుఱచవాఱిన మొన ఇట్లు సాగును. మొనకు ఉక్కు అతికినదైనచో తరువాతి పని మఱింత నేర్పుతో కూడినది. మరల కాల్చి, కొనను మాత్రము తొట్టినీటిలో ముంచి తీసి, మెఱయునట్లు రుద్ది, వెనుకనున్న వేడిమి కొనకు ప్రాకుచుండగా లోహముపై క్రమముగా పొడచూపు పసుపు, ఊదా, నీలి ఛాయలను కనిపెట్టి, తగిన ఛాయ వచ్చిన క్షణమున పూర్తిగా చల్లార్చవలయును. తొందరపడినచో మొన పెళుసై రాతికి తగిలి విఱుగును. ఆలసించినచో మెత్తనై వంగును. చాలచోట్ల కొలిమిని చెట్టునీడనో చీకటి కొట్టములోనో పెట్టుకొనుటకు ఎండ యొక్కటే కారణము కాదు. పట్టపగటి వెలుగులో కాలిన ఇనుము ఛాయ కంటికి సరిగా ఆనదు.

వడ్రంగి శత్రువు ఎండ. చైత్రవైశాఖముల వడగాలికి కఱ్ఱ ఎండి కుంచించుకొనిపోవుటచే పారకును గొడ్డలికిని కామ వదులై ఊడిపోవును. రాత్రి నీటిలో నానవేసిన ఉబ్బి బిగియును గాని అది ఒకపూట ముచ్చటయే. ఎండినంతనే మొదటికి వచ్చును. తెలిసిన రైతు వేసవిలోనే చీల కొట్టించి, గొఱ్ఱు జడ్డిగమును, దానినుండి విత్తనము జాఱు వెదురు గొట్టములను పరీక్షించుకొనెడివాడు. ఒక గొట్టమునకు చెదలు మట్టి క్రమ్మియున్నను, చేనంతట ఒక సాలు మొలక లేక పోవును. బావి క్రింది తోటలకు కపిలి తోలు బానయు, మోకును, గిలకయు అదనపు బాధ్యతలు. తోలునకు నూనె పట్టింపకున్న ఎండకు బీటలు వాఱి, పైకి వచ్చునప్పటికి నీరు సగమై పోయెడిది.

ఈ శ్రద్ధకు పండుగలు గడువులు పెట్టినవి. జ్యేష్ఠ పూర్ణిమనాటి ఏరువాకకు మడక సిద్ధముగా నుండవలయును. మహర్నవమినాడు పనిముట్లన్నిటిని తోమి కడిగి, పసుపుకుంకుమలు పెట్టి పూజింతురు. తుప్పు పట్టినదేది, కామ కదలినదేది యని ఆ కడుగు చేతికే తెలియును. పంటకోతకు ముందు పడు ఈ పండుగను ఒక తనిఖీగా గూడ తలంచుట భక్తికి లోపమని నేననుకొనను.

1876లో మొదలైన ధాత కరువున దుక్కిటెద్దులు విరివిగా చచ్చినవి. దున్నునది లేనిచోట కర్రు కాల్చించువాడెవ్వడు? పంటలేని కళ్ళమున మేర ఎక్కడిది?  1892లో పాకాల ధర్మవరముల నడుమ రైలు నడచెను. సీమయినుము అప్పటికే నాటు ఇనుమును వెనుకకు నెట్టుచుండెను. ఇరువదవ శతాబ్దమున వేరుసెనగ కొఱ్ఱను జొన్నను త్రోసి వ్యాపించుటతో గొఱ్ఱు గుంటకలకు పని పెరిగినను, కళ్ళమున కొలుచు తిండిగింజలు తగ్గి, అమ్మగా వచ్చు రొక్కము పెరిగినది. కొలుచు గింజయే తఱిగినప్పుడు మేర ఎట్లు నిలుచును? 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో ఇనాములు రైతువారీ పట్టాలుగా మాఱినవి. విద్యుత్తు మోటారు వచ్చిన బావిపై కపిలి ఉండదు.

ఇప్పుడు కమ్మరికి దొరకు మేలైన ఉక్కు పాత లారీల కమాను పట్టీ. దానినే కోసి కొడవలియు గొడ్డలియు చేయుదురు. ట్రాక్టరు నాగళ్ళ మొనలు వెల్డింగు దుకాణమునకు పోవును. పాత యేర్పాటును గుఱించి నిట్టూర్చువారు ఒకటి మఱతురు: పంట పోయిన యేట రైతుతోపాటు కమ్మరియు పస్తుండవలసినదే, తాను పదును పెట్టిన కర్రు ఎంత బాగుగా దున్నినను. నేటి దుకాణదారునకు ఆ యేడు వాన పడినదా లేదాయని చూడనవసరము లేదు. పని ముగిసిన వెంటనే కూలి చేతబడును.