కోట కట్టడానికి వచ్చి ఊరిని రాసినవాడు

1635 వేసవిలో, ఉక్రెయిన్‌లోని నీపర్ నది ఒడ్డున, బండరాళ్ల మీదుగా నీళ్లు సుడులు తిరుగుతూ దూకే చోట, పోలండ్ ప్రభుత్వం ఒక కోట లేపింది. దాని పేరు కోడాక్. నది దిగువన దీవుల్లో ఉండే జపొరోజియా కొసాక్కులనే స్వేచ్ఛా యోధులు పడవలేసుకుని నల్లసముద్రం మీదికి పోయి తుర్కీ రేవులను కొల్లగొట్టకుండా చూడటం, దొరల పొలాల్లో వెట్టి చేయలేక పారిపోయే రైతులు వాళ్లతో కలవకుండా ఆపడం ఆ కోట పని. కట్టిన ఇంజినీరు నార్మండీ నుంచి వచ్చిన ఫ్రెంచివాడు, గియోమ్ లె వాస్యూర్ ద బోప్లాన్. కోట లేచిన కొద్ది వారాలకే, ఆగస్టులో, ఇవాన్ సులిమా నాయకత్వాన కొసాక్కులు మీదపడి దాన్ని నేలమట్టం చేశారు. సుమారు 200 మంది కాపలా దళం, వాళ్ల సేనాని ప్రాణాలు కోల్పోయారు. సులిమాను పట్టుకుని అదే ఏడాది వార్సాలో చంపారు. 1639లో కోటను మళ్లీ కట్టారు.

ఆ కోటలో ఇప్పుడు మిగిలింది కొంచెమే. ఆ తర్వాతి కాలంలో అక్కడ తవ్విన గ్రానైటు క్వారీ చాలా భాగాన్ని మింగేసింది. బోప్లాన్ రాసిన చిన్న పుస్తకం మాత్రం నిలిచింది. పోలండ్ రాజు కొలువులో సుమారు 17 ఏళ్లు ఉండి, ఉక్రెయిన్ నేలంతా తిరిగి, కోటలు కట్టి, కొత్త ఊళ్లకు హద్దులు గీసి, 1640ల చివర ఆయన ఫ్రాన్సు చేరాడు. 1651లో రూఆన్ నగరంలో తాను చూసింది అచ్చు వేయించాడు. మొదటిసారి వేసినవి 100 ప్రతులే. 1660లో రెండో ముద్రణ వచ్చింది. 1704లో లండన్‌లో వెలువడిన యాత్రా సంపుటాల్లో దాని ఇంగ్లీషు అనువాదం చేరింది. ఆయన గీసిన పటాన్ని 1648లో గ్డాన్‌స్క్‌లో హోండియస్ అనే చెక్కడపు పనివాడు రాగిరేకు మీదికి ఎక్కించాడు. అందులో దక్షిణం పైన, ఉత్తరం కింద ఉంటుంది. ఉక్రెయిన్ అనే పేరు పశ్చిమ ఐరోపా వాళ్లకు బాగా తెలిసివచ్చింది ఆ పటం వల్ల, ఈ పుస్తకం వల్లనే.

యుద్ధాలు, సంధులు, రాజుల వారసత్వాలు రాసినవాళ్లు ఆ కాలంలో చాలామందే ఉన్నారు. పల్లెటూరి మనిషి ఏం తిన్నాడు, పండక్కి ఏం చేశాడు, పిల్లకు పెళ్లి ఎలా కుదిరింది అన్నది రాసినవాళ్లు తక్కువ. ఊరివాళ్లకు అవి రోజూ కళ్లముందు ఉండేవే కాబట్టి రాయాలని తోచలేదు. బయటి నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయిన మనిషికి అవే వింత. బోప్లాన్ విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఆయన జీతం దొరలది. ఆయన కోటలు రైతుల, కొసాక్కుల కాళ్లకు సంకెళ్లుగా కట్టినవి. అందుకే రైతు కష్టం గురించి ఆయన రాసిన మాటలకు బరువు ఎక్కువ. అవి శత్రుపక్షం నుంచి వచ్చిన సాక్ష్యం.

రైతులు వారానికి మూడు రోజులు తమ గుర్రాలతో, తమ చేతులతో దొర పొలంలో వెట్టి చేయాలి. సాగుచేసిన భూమిని బట్టి ధాన్యం కొలవాలి. పండగలకు కోళ్లు, బాతులు తెచ్చి ఇవ్వాలి. కట్టెలు తోలాలి. గొర్రెల్లో, పందుల్లో, తేనెలో, పండ్లలో పదో వంతు దొరకే. మూడేళ్లకొకసారి మూడో ఎద్దు కూడా దొరదే. ప్రభువులు స్వర్గంలో ఉన్నట్టుంటే రైతులు పాపప్రక్షాళన లోకంలో మగ్గుతున్నారని, చెడ్డ దొర చేతిలో పడితే వాళ్ల బతుకు ఓడల్లో తెడ్లు వేసే బానిసల కన్నా హీనమని ఆయన రాశాడు. రైతులు నది దిగువకు పారిపోవడానికి కారణం ఇదేనని కూడా దాచలేదు. పారిపోయేవాళ్లను ఆపే కోట కట్టిన మనిషి చెప్పిన మాట ఇది.

నది దిగువకు చేరినవాళ్లు ఎలా బతికారో చెప్పేటప్పుడు ఆయన కలం ఉత్సాహంగా నడుస్తుంది. కొసాక్కు అంటే కత్తి పట్టినవాడు మాత్రమే అనుకునే పాఠకుడికి వేరే మనిషి కనబడతాడు. దున్నడం, విత్తడం, కోయడం, రొట్టె కాల్చడం, బీరు కాచడం, తేనె పులియబెట్టి పానీయం చేయడం, హోరిల్కా సారా దించడం వాళ్లందరికీ వచ్చు. వడ్రంగులు, కమ్మరులు, తోలుపని వాళ్లు, బండ్లు చేసేవాళ్లు వాళ్లలోనే ఉన్నారు. మట్టి నుంచి సురేకారం తీసి తుపాకి మందు చేయడంలో వాళ్లు సిద్ధహస్తులు.

ఈ పనితనమంతా ఒక్కచోట కనిపించేది చైకా అనే పడవలో. దానికి అడుగున వెన్నుదూలం ఉండదు. 45 అడుగుల దొన్నె లాంటి చెక్క అడుగు మీద పలకలు ఒకదానిపై ఒకటి మేకులతో బిగిస్తూ పైకి పోతే, పూర్తయ్యేసరికి పొడవు 60 అడుగులు, వెడల్పు 10 నుంచి 12 అడుగులు. రెల్లును పీపా అంత లావుగా మోపులు కట్టి రెండు పక్కలా పడవ పొడవునా బిగిస్తారు. లోపల నీళ్లు నిండినా పడవ మునగకుండా అవి తేలుస్తాయి. చుక్కాని ముందూ వెనకా రెండు చోట్లా ఉంటుంది. అంత పొడవు పడవను తిప్పుకుంటూ కూర్చునేకంటే వచ్చిన దారినే వెనక్కి నడపడం తేలిక. పక్కకు 10 నుంచి 15 తెడ్లు. 60 మంది కలిసి కూర్చుంటే 15 రోజుల్లో ఒక చైకా నీళ్లలోకి దిగుతుంది. 50 నుంచి 70 మంది అందులో ఎక్కుతారు. ఒక్కొక్కడికి రెండు తుపాకులు, ఒక కత్తి. తిండికి ఎండు రొట్టె ముక్కలు, ఉడికించిన వరిగలు, నీళ్లలో కలిపిన పిండి. ఊళ్లో ఉన్నప్పుడు తప్పతాగే ఈ మనుషులు దండయాత్రలో చుక్క ముట్టరు. తాగినట్టు కనబడితే నీళ్లలోకి తోసేస్తారు.

కోడాక్ నుంచి దిగువకు నీపర్ నదిలో వరసగా 13 రాతి గట్లు అడ్డంగా ఉండేవి. చిన్న పడవలో వాటన్నిటినీ దాటినవాడే అసలైన జపొరోజియా కొసాక్కు అన్నది అక్కడి కట్టుబాటు. బోప్లాన్ కూడా వాటిని దాటాడు. ఆ లెక్కన తానూ కొసాక్కునేనని పుస్తకంలో గర్వంగా రాసుకున్నాడు. ఎవరిని కట్టడి చేయడానికి జీతం తీసుకున్నాడో వాళ్ల మెప్పు తనకు దక్కిందని చెప్పుకున్న ఆ వాక్యంలో ఆయన మనసు తెలుస్తుంది.

జ్వరం వస్తే కొసాక్కులు తుపాకి మందు కొంత సారాలో కలిపి తాగి పడుకునేవారు. తెల్లారేసరికి లేచి తిరిగేవారట. బాణం గాయానికి మట్టిని ఉమ్మితో కలిపి పూసేవారు. వైద్యంగా వీటికి విలువ లేదు గానీ, వైద్యుడు అందని చోట మనిషి ఎంతకు తెగిస్తాడో తెలియడానికి పనికొస్తాయి. నది ఒడ్డున దోమల ధాటికి ముఖం వాచి కళ్లు తెరవలేకపోయానని, అక్కడి రైతులు మాత్రం చిన్న గుడ్డ డేరాలు వేసుకుని హాయిగా పడుకునేవారని రాశాడు. మిడతల దండు వచ్చిన ఏళ్లలో ఆకాశం చీకటైపోయేది. కంచంలో మాంసం కోస్తే దాంతో పాటు మిడత తెగేది. చలికాలంలో వేడి బీరులో వెన్న, రొట్టె వేసి కాచిన చారు తాగి కడుపు వెచ్చగా ఉంచుకోవడం ఆయన అక్కడే నేర్చుకున్నాడు.

ఆయనకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఆడపిల్లల ధైర్యం. లోకమంతా మగవాడు పిల్లను అడిగితే ఇక్కడ పిల్లే మగవాణ్ణి అడుగుతుంది అంటాడు. ఇంటిల్లిపాదీ ఉన్న వేళ చూసుకుని ఆమె అబ్బాయి ఇంటికి వెళ్తుంది. దేవుడి పేరు తలచి పలకరిస్తుంది, కూర్చుంటుంది. నీ ముఖం చూస్తే మంచివాడిలా ఉన్నావు, పెళ్లాన్ని ప్రేమగా చూసుకుంటావనిపిస్తోంది, నన్ను చేసుకో అని అతని ముఖం మీదే చెబుతుంది. తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగి ఒప్పుకోమని వినయంగా కోరుతుంది. వాళ్లు కుదరదంటే కదలదు. అతను తనవాడయ్యేదాకా ఈ ఇల్లు విడవనంటుంది. వచ్చిన పిల్లను గెంటేస్తే దేవుడి ఆగ్రహం తగులుతుందని, ఇంటికి కీడని వాళ్లకు భయం. వారాలు గడిచేకొద్దీ ఆమె పట్టుదల చూసి అబ్బాయే మెత్తబడతాడు.

ఇది ఊరూరా జరిగిందనుకుంటే పొరపాటు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1869-70లో పావ్లో చుబిన్‌స్కీ బృందం ఉక్రెయిన్ పల్లెల్లో తిరిగి ఆచారాలు సేకరించింది. ఉక్రెయిన్ జాతీయగీతం రాసింది ఈ చుబిన్‌స్కీయే. అప్పటికి పల్లెల్లో బాగా స్థిరపడిన పద్ధతి వేరు: అబ్బాయి తరఫున పెద్దలు పిల్ల ఇంటికి వచ్చేవారు. ఇష్టమైతే ఆమె కుట్టుపని చేసిన తువ్వాలు వాళ్లకు కట్టేది. ఇష్టం లేకపోతే గుమ్మడికాయ చేతిలో పెట్టేది. అడిగేవాళ్లు మారినా ఆఖరి మాట పిల్లదిగానే మిగిలిందన్నది గమనించాలి. బోప్లాన్ ఇంకో కథ కూడా చెప్పాడు. ఆదివారం ఊరి సారా అంగడి దగ్గర ఆటపాటల్లో ఒక రైతు కుర్రాడు దొర కూతుర్ని ఎత్తుకుని అడవిలోకి పారిపోయి 24 గంటలు దొరక్కుండా ఉంటే పెళ్లి చేసేస్తారట, దొరికితే తల తీసేస్తారట. ఇది ప్రమాదమైన పద్ధతి అని, తానున్న కాలంలో ఎవరూ చేసినట్టు వినలేదని తానే చెప్పాడు. చూసినదానికీ విన్నదానికీ మధ్య ఇలా గీత గీయడం వల్లే ఆయన మిగతా మాటలు నమ్మబుద్ధేస్తుంది.

ఈస్టర్ పండగ గురించి రాసింది మాత్రం కళ్లారా చూసినదే. ఎరుపు, పసుపు రంగులద్దిన కోడిగుడ్డు ఇచ్చి, క్రీస్తు లేచాడని పలికి ముద్దు పెట్టుకోవడం, పూజారుల ముందు గుడ్లు గుట్టలు పడటం ఆయన చూశాడు. సోమవారం ఉదయం కుర్రాళ్లు గుంపులుగా వీధుల్లో తిరిగి, కనబడ్డ ఆడపిల్లనల్లా బావి దగ్గరికి లాక్కుపోయి బకెట్ల కొద్దీ నీళ్లు నెత్తిన గుమ్మరిస్తారు. మన పెళ్లిళ్లలో వసంతాలాడినట్టే ఉంటుంది ఆ సందడి. మంగళవారం ఆడపిల్లల వంతు. ఒక ఇంట్లో చెంబులు నింపుకుని దాక్కుంటారు. ఒక చిన్నపిల్లను కాపలా పెడతారు. కుర్రాడు అటు రాగానే ఆ పిల్ల కేక వేస్తుంది. బలమైన అమ్మాయిలిద్దరు ముగ్గురు వాణ్ణి పట్టుకుంటే మిగతావాళ్లు నిలువెల్లా తడిపేస్తారు. ఈ తడి సోమవారం పశ్చిమ ఉక్రెయిన్‌లో నేటికీ ఉంది. గుడ్ల మీద మైనంతో గీతలు గీసి రంగులద్దే పిసాంకా కళను 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

బోప్లాన్ వెళ్లిపోయాక 1648లో కొసాక్కుల నాయకుడు బొహ్దాన్ ఖ్మెల్‌నిత్‌స్కీ తిరుగుబాటు దేశాన్ని కుదిపేసింది. ఆరేళ్లకు, 1654లో, సిరియా నుంచి ఇంకొక పరదేశి వచ్చాడు. అలెప్పోకు చెందిన క్రైస్తవ మతాధికారి పౌల్, తండ్రి అయిన అంతియొకయ పాట్రియార్క్‌తో మాస్కోకు పోతూ ఉక్రెయిన్ మీదుగా వెళ్లాడు. అరబ్బీలో రోజువారీ విషయాలు రాసుకున్నాడు. ఆడవాళ్లలో, ఆడపిల్లల్లో చాలామందికి చదవడం వచ్చని, ప్రార్థనల క్రమం తెలుసని చూసి ఆయన నిర్ఘాంతపోయాడు. యుద్ధాల వల్ల ఊరూరా అనాథలు. పూజారులు వాళ్లను వీధుల్లో వదలకుండా చదువు చెప్పేవారు. పొద్దుగూకాక ఆ పిల్లలు ఇంటింటికీ తిరుగుతూ దేవుడి పాటలు పాడి భిక్ష తెచ్చుకునేవారు. ఒక్కో ఇంటి ముందు పది మంది పిల్లలు మెట్ల వరసలా నిలబడేవారు, జుట్టు తెల్లగా ఉండటంతో ముసలివాళ్లని పిలుచుకున్నామని రాశాడు. ఫ్రెంచి ఇంజినీరు వెట్టిబతుకులు చూశాడు, అలెప్పో మనిషి ఈ చదువుకునే పిల్లలను చూశాడు. ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ సమాజం పూర్తిగా కనబడుతుంది.

బోప్లాన్ దాటిన రాతి గట్లు 1932లో పూర్తయిన నీపర్ జలవిద్యుత్ ఆనకట్ట నిలిపిన నీళ్లలో మునిగిపోయాయి. కొసాక్కుల పాత స్థావరాలున్న పల్లపు భూములను 1950లలో కఖోవ్కా జలాశయం ముంచింది. 2023 జూన్ 6న, రష్యా ఆక్రమణలో ఉండగా కఖోవ్కా ఆనకట్ట కూలి ఆ జలాశయం ఖాళీ అయింది. బయటపడ్డ నేల మీద విల్లో చెట్లు అడవిలా లేచాయి.

ఈ ఊళ్ల పేర్లు తెలుగు ఇళ్లకు కొత్తవి కావు. కీవ్, ఖార్కివ్, విన్నిత్సియా, జపొరీజియా వైద్య కళాశాలల్లో మన పిల్లలు పెద్దసంఖ్యలో చదివారు. ఐదారేళ్లు అక్కడి అద్దె ఇళ్లల్లో, హాస్టళ్లలో ఉన్నారు. ఇంటివాళ్ల పండగలు చూశారు, వాళ్ల బోర్ష్ తిన్నారు, మంచులో నడిచారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం ముంచుకొచ్చాక ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగొచ్చినప్పుడు పత్రికలు వాళ్లను బాంబుల గురించే అడిగాయి. అంతకుముందు గడిపిన మామూలు రోజుల గురించి వాళ్లకు తెలిసినంత మరో తెలుగువారికి తెలియదు. ఇంటి యజమానురాలు ఈస్టర్‌కు ఏం వండింది, సంతలో ముసలమ్మ ఏం అమ్మింది, తరగతిలోని ఉక్రెయిన్ స్నేహితుడి పెళ్లి ఎలా జరిగింది, అన్నీ రాయదగ్గవే. జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, ఇప్పుడే, తెలుగులో రాయండి.