ఉమ్మడి ఇంటిలో వాటా: చట్టం ఎవరిని పరాయివారన్నది

పొలానికి గట్టు వేసి పంచుకోవడం సాధ్యమే గాని ఇంటిని అలా పంచుకోవడం కష్టం. కృష్ణా, గోదావరి ప్రాంతాల మండువా లోగిళ్ళలో గదులన్నీ నడుమనున్న మండువా వైపే తెరుచుకునేవి కాబట్టి, అన్నదమ్ములు పారీఖత్తు రాసుకుని నడుమ గోడ లేపినా, వెలుతురూ నూతి నీరూ వీధి గుమ్మమూ ఉమ్మడిగానే మిగిలిపోయేవి. ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును ఎరుగుదురు. కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని (1076-1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన మితాక్షర వ్యాఖ్య, బావి వంటి జలాధారాన్ని వెలకట్టి పంచక వంతుల ప్రకారం వాడుకోవాలనీ, ఇంటికి వచ్చిపోయే దారిని విభజించరాదనీ నిర్దేశించింది. 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరము’ పేరుతో ఈ ధర్మాలను తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

మితాక్షర ప్రకారం కొడుకులు, మనుమలు, మునిమనుమలు పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కుదారులవుతారు. అటువంటి వారిని సహదాయాదులంటారు. కుటుంబంలో మగబిడ్డ పుడితే ప్రతివాని వాటా తగ్గుతుంది, ఒకరు మరణిస్తే మిగిలినవారిది పెరుగుతుంది కనుక, పంపకం జరిగేదాకా ఫలానా గది తనదని ఎవరూ అనలేరు. అవిభక్త వాటా అన్నమాటకు అర్థం అదే. తక్కినవారి సమ్మతి లేనిదే ఆ వాటాను అమ్మరాదన్నది పాత సిద్ధాంతం. అయితే 19వ శతాబ్దంలో మద్రాసు న్యాయస్థానాలు, సొమ్ము తీసుకుని అమ్మితే ఆ అమ్మకం చెల్లుతుందని అంగీకరించాయి. కొన్నవాడికి అందువల్ల ఇంట్లో కాపురముండే హక్కు రాలేదు, పంపకం కోరే హక్కు మాత్రమే వచ్చింది. కాని నాలుగు తరాలుగా ఒకే కప్పు కింద ఉన్నవారికి ఆ రెండవ హక్కే పెద్ద బెదిరింపు.

ముస్లిం ధర్మశాస్త్రంలో దీనికొక పరిష్కారం ముందునుంచే ఉంది. షుఫా అనే ఆ నియమం ప్రకారం ఒక వాటాదారు పరాయివాడికి అమ్మితే, అదే ధరకు తానే కొనే ముందుహక్కు తోటి వాటాదారుకు ఉంటుంది. ఆస్తిని ఇష్టమైనవారికి అమ్ముకునే స్వేచ్ఛకు ఇది అడ్డని భావించి, న్యాయానికీ సమదృష్టికీ విరుద్ధమంటూ మద్రాసు హైకోర్టు 1870లో దాన్ని తోసిపుచ్చింది. కోర్టు కాదన్న ఆ ఆలోచనే ఇరవై మూడేళ్ళకు, నివాస గృహం విషయంలో, మరో రూపంలో శాసనమై తిరిగి రావడం గమనించదగినది. ముందుగా 1882 ఆస్తి బదిలీ చట్టం, 44వ సెక్షన్ ద్వారా, ఉమ్మడి కుటుంబపు నివాస గృహంలో వాటా కొన్న పరాయివాడికి కుటుంబంతో కలిసి స్వాధీనంలో ఉండే హక్కు లేదన్నది. 1893 పంపకాల చట్టంలోని 4వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసి, అటువంటి కొనుగోలుదారు పంపకం దావా వేసినప్పుడు, కుటుంబంలోని వాటాదారు ఎవరైనా కొనడానికి ముందుకొస్తే, కోర్టు వెల నిర్ణయించి ఆ వాటాను వారికే ఇప్పించాలని ఆదేశించింది. కొన్నవాడు సొమ్ము నష్టపోడు, ఇల్లు ముక్కలు కాదు. వలస పాలనలో వచ్చిన ఆస్తి శాసనాలలో ఇంత మానవీయమైన నియమాలు తక్కువ.

పరాయివారెవరన్న ప్రశ్నకు చట్టం చెప్పిన జవాబు మాత్రం ఆడపిల్లలకు అన్యాయం చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి ఆస్తిలో వాటా ఇస్తూనే, 23వ సెక్షన్ ద్వారా, మగ వారసులు తమ వాటాలు పంచుకోవాలని అనుకునేదాకా ఉమ్మడి నివాస గృహంలో పంపకం కోరరాదన్నది. ఆ ఇంట్లో ఉండే హక్కునైనా అవివాహితకు, భర్త విడిచిన లేక భర్తనుండి విడిపోయిన స్త్రీకి, వితంతువుకు మాత్రమే ఇచ్చింది. వాటా కొన్న అపరిచితుడికి కనీసం పంపకం కోరే హక్కుండగా, అదే ఇంట పుట్టిన బిడ్డకు అది లేకపోయింది. ఒకే మగ వారసుడున్నా ఈ నిషేధం వర్తిస్తుందని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళను పుట్టుకతోనే సహదాయాదులను చేసింది. అప్పటికే పెళ్ళయినవారు దీనికి వెలుపలే ఉండిపోయారు, కేంద్ర చట్టంలోని 23వ సెక్షన్ కూడా చెక్కుచెదరలేదు. దాన్ని తొలగించాలని లా కమిషన్ 2000లో తన 174వ నివేదికలో సిఫార్సు చేయగా, 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ పని చేసి, పెళ్ళయినా కాకున్నా కూతుళ్ళందరినీ సహదాయాదులుగా గుర్తించింది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

వారసత్వంగా కాక సొమ్ము కలిపి ఇల్లు కొనేవారి సంగతి వేరు. 1882 చట్టపు 45వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, వేర్వేరుగా సొమ్ము పెట్టినవారి వాటాలు ఆ సొమ్ము నిష్పత్తిలో ఉంటాయి. ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే సమానమని భావిస్తారు. 1893 చట్టం కాపాడేది కుటుంబపు ఇంటినే గనుక, ఇద్దరు స్నేహితులు కలిసి కొన్న ఫ్లాటుకు 4వ సెక్షన్ అండ దొరకదు. ఒకరు తప్పుకోదలచినప్పుడు రెండోవారికి ముందుగా కొనే అవకాశం, వెల కట్టే పద్ధతి, రుణ వాయిదాల బాధ్యత ఇవన్నీ వారు తమ ఒప్పంద పత్రంలో తామే రాసుకోవలసి ఉంటుంది.