కరెంటు బిల్లు కట్టే సర్వర్‌కీ ఎక్స్‌పైరీ డేట్! లైనక్స్ అప్‌డేట్లు ఆగిపోతే ఏమవుతుంది?

చెన్నేకొత్తపల్లిలో కూర్చుని ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టాలన్నా, సచివాలయంలో సర్టిఫికెట్‌కు అప్లై చేయాలన్నా ఎక్కడో ఒక సర్వర్ పనిచేయాలి. అది డౌన్ అయితే ఎలా ఉంటుందో 2019లో తెలిసొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో ఏపీ, తెలంగాణ డిస్కంలపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. తిరుపతి కేంద్రంగా నడిచే ఏపీఎస్‌పీడీసీఎల్ కూడా బాధిత సంస్థే. చెన్నేకొత్తపల్లికి కరెంటు ఇచ్చేది ఈ సంస్థే. ఆన్‌లైన్ సేవలు ఆగి వినియోగదారులు ఇబ్బంది పడ్డారు.

ఓఎస్‌కు గడువేంటి?

ప్రపంచంలో వెబ్ సర్వర్లు ఎక్కువగా నడిచేది లైనక్స్‌ లాంటి యునిక్స్ తరహా ఓఎస్‌ల మీదే. "లైనక్స్‌కు వైరస్ రాదు" అన్నది అపోహే. ప్రతి వెర్షన్‌కూ ఒక గడువు ఉంటుంది. అది దాటితే కొత్తగా బయటపడే లోపాలకు ప్యాచ్‌లు రావు. సర్వర్ మాత్రం మామూలుగానే నడుస్తుంది. అసలు ప్రమాదం అక్కడే.

* సెంట్ఓఎస్ 7: 2024 జూన్ 30తో సపోర్ట్ ముగిసింది.
* సెంట్ఓఎస్ 8: 2029 దాకా ఉంటుందనుకుంటే, 2021 డిసెంబర్ 31కే ఆపేశారు. దాంతో చాలామంది ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్‌కు మారారు.
* ఉబుంటు ఎల్‌టీఎస్: మామూలు సపోర్ట్ 5 ఏళ్లు.
* డెబియన్: ఎల్‌టీఎస్‌తో కలిపి 5 ఏళ్లు.
* ఓపెన్‌బీఎస్‌డీ: 6 నెలలకో కొత్త వెర్షన్. చివరి రెండింటికే ప్యాచ్‌లు.

అర సెకను ఆలస్యం పట్టించింది

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఎందుకా అని తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. జియా టాన్ పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి మరీ ఆ కోడ్ చొప్పించారు. ప్రధాన ఓఎస్‌ల స్టేబుల్ వెర్షన్లలోకి వెళ్లకముందే దొరకడంతో పెద్ద గండం తప్పింది.

సర్వర్ చూసుకునేవాళ్లు ఏం చేయాలి?

* సెక్యూరిటీ అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పడేలా పెట్టాలి. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక రీబూట్ చేయాలి. లేదంటే మెమరీలో పాత కెర్నలే నడుస్తుంటుంది.
* ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ బదులు కీ వాడాలి. అవసరం లేని పోర్టులు మూసేయాలి.
* ఒక బ్యాకప్ కాపీ నెట్‌వర్క్‌కు బయట ఉండాలి. అది తిరిగి ఓపెన్ అవుతోందో లేదో అప్పుడప్పుడూ చెక్ చేయాలి.
* సపోర్ట్ ముగిసే తేదీ ముందే రాసిపెట్టుకుని, కనీసం ఏడాది ముందు నుంచే కొత్త వెర్షన్‌కు మారే పని మొదలెట్టాలి.

రూల్ ఏం చెబుతోంది?

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. దాడి ఎలా జరిగిందో తేల్చేది ఆ లాగ్‌లే.