అరిగేందుకే వేసిన పొర

కారు అల్లాయ్ వీల్సుకు ఇంటి వాకిట్లోనే వాటర్ పేపరు పట్టి, క్లియర్ కోటు కొట్టి కొత్తవాటిలా చేసుకోవడం ఈమధ్య వచ్చిన పట్నపు సరదా అని చాలామంది అనుకుంటారు. పని కొత్తదే, దాని వెనకున్న లెక్క మాత్రం పాతది. నల్లమల అంచున అర్ధవీడు, కంభం, గిద్దలూరు, మార్కాపురం పల్లెల్లో ఎద్దుబండి చక్రాన్ని ఎలా కాపాడుకున్నారో చూస్తే ఆ లెక్క అర్థమవుతుంది. అసలు వస్తువు నిలవాలంటే దాని మీద అరిగేందుకు ఇంకొకటి ఉండాలి. అది అరిగిపోయిన సంగతి ఎప్పటికప్పుడు కనిపెట్టి మళ్లీ వేయాలి. మెరుపు ఆ పనికి కొసరు.

బండి చక్రంలో బరువు మోసేది కర్ర. నడుమ కుండ, దాని చుట్టూ ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ వంపు చెక్కలు. వడ్రంగి ఎంత బిగువుగా కూర్చినా ఒట్టి కర్ర ఈ రాళ్ల బాటల్లో నాలుగు కాలాలు నిలవదు. అందుకే కమ్మరి దాని చుట్టూ ఇనప పట్టా ఎక్కించేవాడు. ఆ పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగానే చేస్తాడు. కిటుకంతా అక్కడే ఉంది. పట్టాను నేల మీద పరిచి, పిడకలు పేర్చి కాలుస్తారు. ఐదడుగుల చక్రం చుట్టుకొలత దాదాపు 4.8 మీటర్లు. ఇనుము వేడి 450 డిగ్రీల మేర పెరిగితే అంత పొడవు పట్టా సుమారు 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం, సాగుతుంది. ఆ అంగుళం సందులోనే పని ముగియాలి. పట్టకార్లతో ఎత్తి చక్రం మీద పడేసి, సమ్మెట దెబ్బలతో దించి, కర్ర అంటుకునే లోపు నీళ్లు గుమ్మరిస్తారు. ఆవిర్ల మధ్య ఇనుము ముడుచుకుంటూ ఆకులను కుండలోకి నొక్కుతుంది, కీళ్లు కిర్రుమంటాయి. ఎండాకాలంలో కర్ర ఆరి కుంచించుకుపోతే పట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని చెరువులోనో కుంటలోనో నానేస్తే కర్ర ఉబ్బి మళ్లీ పట్టు దొరుకుతుంది. అదీ చాలకపోతే పట్టా ఊడదీసి, ఓ ముక్క కోసి, కొలిమిలో అతికి మళ్లీ ఎక్కించాలి. పంట ఇంటికొచ్చాక కమ్మరికీ వడ్రంగికీ గింజల్లో కొలిచిన మేరలో ఈ మరమ్మతుల కూలీ కూడా ఉండేది. అంటే చక్రం చేయించినప్పుడే దాని అరుగుదలకూ కలిపి లెక్క కట్టుకున్నారన్నమాట.

ఈ లెక్క బండి దగ్గరే ఆగలేదు. వంటింట్లో ఇత్తడి గిన్నెకు కళాయి పూత ఇలాంటిదే. పులుసు తగిలితే ఇత్తడి చిలుము పడుతుంది కాబట్టి లోపల తగరం పూయించేవాళ్లు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కాగిన గిన్నెలో నవాసాగరం చల్లి, తగరం తాకించి దూదితో రుద్దితే తెల్లటి పొగ లేచి, మసి గిన్నె క్షణంలో వెండిలా తెల్లబడుతుంది. గరిటె తగిలీ తగిలీ ఆ పూత పోతే మళ్లీ కళాయి వేసే మనిషి వీధిలో కేకేయాల్సిందే. పలకల ఊరిగా పేరుపడ్డ మార్కాపురం పలకకూ ఆకు పసరు, బొగ్గు కలిపి రుద్ది నలుపు తెప్పించడం తెలుగు బడిపిల్లలకు తెలిసిన పనే. అది కూడా పైపూతే, వారం తిరగకుండా చెరిగిపోయేది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. జనం అందానికి ప్రాణమిస్తారనీ, తిరునాళ్ల బండ్లకు రంగులు, ఎడ్ల కొమ్ములకు కుప్పెలు, కోటప్పకొండకు కట్టే ప్రభల హంగు చూస్తే ఆ సంగతి తెలుస్తుందనీ అనొచ్చు. నిజమే. అయితే తిరునాళ్ల రంగు వెలిసిపోతే బండి ఆగదు, పట్టా వదులైతే ఆగుతుంది. రెండు పనులూ అదే బండి మీద జరిగినా వాటిని ఒకే గాటన కట్టకూడదు. రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది: గాలి టైర్ల డన్లప్ బండి వచ్చాక ఇనప పట్టా కాలం చెల్లింది, స్టీలు సామాను వచ్చాక కళాయి పోయింది, మరి ఆ విద్య తెగిపోయినట్టే కదా? ఇనప పట్టా కంకర రోడ్లను కోసేస్తుంది, గాలి టైరు ఎద్దుకు లాగుడు తగ్గిస్తుంది; ఎద్దుబండ్లను అధ్యయనం చేసిన బెంగళూరు ఐఐఎం ఆచార్యుడు ఎన్.ఎస్. రామస్వామి మంచి బండ్ల కోసం ఏళ్ల తరబడి వాదించారు. కాబట్టి పట్టా పోవడం న్యాయమే. పోయింది పట్టాయే కానీ లెక్క కాదు: అరిగిన టైరుకు మళ్లీ రబ్బరు వేయించడం మరేమిటి? స్టీలు గిన్నె సంగతి వేరు, ఒప్పుకోవాలి. దానికి పైపూత అక్కర్లేదు, అందుకే అది వచ్చాక పూత అరిగిందా లేదా అని చూసే కన్ను ఇళ్లలో మొద్దుబారింది.

ఆ కన్ను మళ్లీ అవసరమైన చోటు అల్లాయ్ చక్రం. దాని లోహం ఇక్కడి వంటిళ్లకు కొత్తేమీ కాదు. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న ఈ నల్లమల అంచు ప్రాంతమూ మద్రాసు రాజధాని కిందదే. 1924లో బుగాటీ టైప్ 35 రేసుకారుకు అల్యూమినియం చక్రాలు వచ్చాయి. తర్వాత విశాఖపట్నంలోనూ సినర్జీస్ కాస్టింగ్స్ అల్లాయ్ చక్రాలు పోతపోసింది. ఇత్తడి చెంబును తోమే చింతపండు సత్తు గిన్నెను తినేస్తుందని, పులుసు అందులో కాచకూడదని మన ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. యాసిడ్ పోసి అల్లాయ్ కడిగే కుర్రాడు ఆ మాట వింటే బాగుండు. అల్యూమినియం మీద దానంతటదే పడే ఆక్సైడ్ పొర కొంత కాపాడుతుంది కానీ ఉప్పు, యాసిడ్ తగిలితే గుంటలు పడుతుంది. అందుకే కంపెనీ పైన క్లియర్ కోటు వేస్తుంది. 400 నెంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 2000 దాకా నీళ్లతో రుద్దేవాడు ముందుగా తీసేది ఆ కాపలా పొరనే. అద్దంలా మెరిపించి పూత వేయకుండా వదిలేస్తే రెండు వానలకే తెల్ల మచ్చలు తేలతాయి. మెరుగే పని అనుకున్నవాడు ఇక్కడే బోల్తా పడతాడు. వంకర తీద్దామని చక్రానికి మంట పెట్టడం ఇంకా చేటు; వేడి మీద పదును పెట్టి గట్టిపరచిన లోహం అది, ఎక్కువ కాలిస్తే మెత్తబడుతుంది.

లేతు మీద తిప్పి కోసే డైమండ్ కట్ చక్రం ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. గీతలు పోవాలంటే ప్రతిసారీ బరువు మోసే లోహాన్నే చెక్కాలి, కొన్ని కోతలయ్యాక చెక్కడానికి మందం మిగలదు. పట్టా వదులైనప్పుడు కమ్మరీ ముక్క కోసేవాడు, కానీ కోసింది చుట్టున్న ఇనుమునే, కర్ర జోలికి పోలేదు. ఆ ముక్క కొలిమి పక్కనే పడుండి ఏ కొడవలికో పనికొచ్చేది.