వెన్న లేని వెన్న: ఆపిల్ లేహ్యం కథ

ఆపిల్ బటర్‌లో వెన్న లేదు. పాలచుక్క కూడా పడదు. రొట్టెపై వెన్నవలె పూసుకోవడానికి వీలైనది కనుక ఇంగ్లీషులో దానికాపేరు నిలిచింది. కానీ 18వ శతాబ్దంలో రైన్ నదీ ప్రాంతాల నుండి పెన్సిల్వేనియాకు వలసవచ్చిన జర్మన్ రైతుకుటుంబాల వారు దానిని 'లాట్‌వారిక్' అన్నారు. నన్ను ఈ చరిత్ర వైపు లాగినది ఆ పేరే.

లాట్‌వారిక్ అన్నది జర్మన్ 'లాట్వెర్గె'కు మాండలిక రూపం. దానికి మూలం లాటిన్ 'ఎలెక్టువేరియం': చూర్ణాలను తేనెలోనో పాకంలోనో కలిపి రోగిచేత నాకించే మందు. ఆ లాటిన్ పదం వెనుక నాకుట అనే అర్థంగల గ్రీకు క్రియ ఉన్నదని నిరుక్తకారులు భావిస్తారు. ఆ గ్రీకు క్రియకు, సంస్కృతంలోని 'లిహ్' ధాతువుకు మూలం ఒకటే. 'లిహ్' నుండి పుట్టినదే మన లేహ్యం. అంటే ఆ రైతులు తమ భాషలో దీనిని లేహ్యమనే పిలిచారన్నమాట! ఉసిరికాయ గుజ్జును ఉడికించి చ్యవనప్రాశ చేసే మనకు ఇది పరాయిమాట కాదు.

తయారీ కూడా లేహ్యపాకమే. శరదృతువులో ఆపిళ్ళు కోతకు వచ్చాక, ముందునాటి రాత్రి ఇరుగుపొరుగు వారంతా చేరి చెక్కుతీసి ముక్కలు తరిగేవారు. పడుచువారి పరిచయాలకు కూడా అదే సందర్భం. మరునాడు ఉదయాన్నే ఆరుబయట పొయ్యిపై రాగి గంగాళం పెట్టి, అప్పుడే పిండిన ఆపిల్ రసాన్ని సగానికి మరిగించి, అందులో ముక్కలు వేసేవారు. ఇక పొద్దుగూకే వరకు తెడ్డు ఆగరాదు; ఆగితే అడుగంటుతుంది. కుతకుతలాడే గుజ్జు మీద చిందకుండా తెడ్డుకు నిలువెత్తు కర్ర ఉండేది. దాల్చినచెక్క, లవంగాలు చివరలో పడేవి. పళ్ళెంలో చెంచాడు వేసినప్పుడు చుట్టూ నీరు ఊరకపోతే పాకం కుదిరినట్లు.

ఇంత శ్రమ ఎందుకు? అప్పట్లో పంచదార ఖరీదైనది. నీరు ఇగిరిపోగా పండులోని చక్కెర, పులుపు చిక్కబడి, జాడీలో నెలల తరబడి నిలువ ఉండేది. ఆపిల్ సాస్ సంగతి వేరు. అది త్వరగా ఉడుకుతుంది, పందిమాంసంతోను బంగాళాదుంప అట్లతోను రుచిగా ఉంటుంది. కానీ నీరు ఎక్కువ గనుక త్వరగా చెడిపోతుంది. 1858లో జాన్ లాండిస్ మేసన్ మరమూత గాజుసీసాకు పేటెంటు పొందాక, వేడిచేసి మూతబిగించే పద్ధతి ఇళ్ళలోకి వచ్చింది, సాస్ కూడా నిలువ చేరింది. రోజంతా తెడ్డు తిప్పవలసిన అగత్యం తగ్గింది.

నేటి అమెరికా నిబంధనల ప్రకారం పండ్ల బటర్‌లో కరిగిన ఘనపదార్థం కనీసం 43 శాతం ఉండాలి. పళ్ళెం పరీక్షకు బదులు అంకె వచ్చింది. వెస్ట్ వర్జీనియాలోని బర్క్‌లీ స్ప్రింగ్స్ వంటి ఊళ్ళలో ఇప్పటికీ అక్టోబరు ఉత్సవానికి గంగాళం పొయ్యెక్కుతుంది. లాట్‌వారిక్ అన్న మాట మాత్రం ఆమిష్, పాత సంప్రదాయపు మెన్నొనైట్ ఇళ్ళకు దాదాపు పరిమితమైపోయింది. అంగడి సీసా మీద ఉన్నది వెన్న పేరే. ఆ పేరులో రుచి తెలుస్తుంది గాని, మందుగా మొదలై ఊరంతా కలిసి తిప్పిన పాకమని తెలియదు. మనకు తెలియడానికి లేహ్యమన్న ఒక్కమాట చాలు.